ఆలసించిన వాపసులు: అమెరికాలో చిన్న యజమానుల పన్ను చిక్కులు

2025 జూలై 4వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుని సంతకముతో చట్టమైన గొప్ప ఆదాయవ్యయ శాసనమునుగూర్చి ప్రపంచపత్రికలన్నియు విస్తారముగ వ్రాసినవి. ధనికుల పన్నులు, బీదల వైద్యసహాయము, రాజ్యపు ఋణభారము, వీనినిగూర్చిన వాదములు మా పాఠకులకు తెలిసినవే. కాని యా మహాశాసనపు గర్భమున నణగియున్న యొక చిన్న నిబంధనము పెద్దగ నెవరి దృష్టిని నాకర్షింపలేదు. 2021వ సంవత్సరపు మూడవ, నాల్గవ త్రైమాసములకు సంబంధించి 2024 జనవరి 31వ తేదీ తరువాత దాఖలైన యొకవిధమగు పన్నువాపసు దరఖాస్తులకు, చట్టమైన నాటికింకను సొమ్ము ముట్టనిచో, ఇకమీదట నీయరాదని యా నిబంధనము శాసించుచున్నది. అట్టి దరఖాస్తులు పెట్టుకొనుటకు పాతచట్టమిచ్చిన గడువు 2025 ఏప్రిల్ 15 వరకుండెను. అనగా, గడువులోపల, చట్టము చెప్పిన రీతిగ, న్యాయమైన లెక్కతో దరఖాస్తు పెట్టుకొనినవారును, తేదీ వెనుకకు జరుపబడుటవలన హక్కును గోల్పోయినారన్నమాట.

సముద్రముల కావలి తగవు మనకేలయని కొందరడుగవచ్చును. టెక్సాసునందును న్యూజెర్సీయందును ఫలహారశాలలు, కిరాణాదుకాణములు, చిన్న సాఫ్ట్‌వేరు కంపెనీలు నడుపుకొనుచున్న తెలుగువారు నేడు కొద్దిమంది కారు. వారి తలిదండ్రులును అన్నదమ్ములును మా పాఠకులలో ననేకులు గలరు. అదియునుగాక, ప్రజ ప్రభుత్వమునకు బాకీపడినప్పుడు ప్రభుత్వమెట్లు నడచుకొనునో లోకమునకు తెలియును. ప్రభుత్వము ప్రజకు బాకీపడినప్పుడెట్లు నడచుకొనునో తెలిసికొనుటకిది మంచి దృష్టాంతము. కావున నీ విషయమును కొంచెము విపులముగ విచారింపదలచితిమి.

2020 మార్చి 27న, కోవిడు మహమ్మారి విజృంభించి దుకాణములు మూతపడుచున్న దినములలో, అమెరికా ప్రభుత్వము కేర్స్ చట్టమును చేసినది. వ్యాపారము లేకున్నను పనివారిని తొలగింపక జీతమిచ్చి నిలుపుకొనిన యజమానులకు సాయపడుటకై యందు ‘ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్’ అను నొక యేర్పాటు గావింపబడెను. తెలుగున దీనిని నిలుపుదల జమ యనవచ్చును. ఆ దేశమున సామాన్యముగ యజమాని పనివారి జీతములనుండి పట్టుకొనిన పన్నును, తన వంతు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులను గలిపి ప్రభుత్వమునకు కట్టి, మూడునెలలకొకమారు 941వ నంబరు ఫారముమీద లెక్క చెప్పవలయును. ఈ జీతపుపన్ను లెక్కలోనే నిలుపుదల జమ చేర్పబడినది. 2020లో నొక్కొక్క పనివానికి సంవత్సరమునకు 10,000 డాలర్లవరకు నిచ్చిన జీతముపై సగము, అనగా హెచ్చుపక్షము 5,000 డాలర్లు. 2021లో త్రైమాసమునకు 10,000 డాలర్లవరకు జీతముపై నూటికి 70 వంతున, అనగా 7,000 డాలర్లు. కట్టవలసిన పన్నుకంటె జమ హెచ్చైనచో మిగులు రొక్కముగ వాపసు వచ్చును. ప్రభుత్వాజ్ఞవలన వ్యాపారము పూర్తిగనో కొంతగనో నిలిచినవారును, అమ్మకములు 2019తో పోల్చగా 2020లో సగమునకు దిగువకు దిగజారినవారును, 2021లో నూటికి 20 కంటె హెచ్చుగ పడిపోయినవారును దీనికర్హులు. మూడు త్రైమాసములకును పూర్తిగ నర్హత గలవానికి 2021లోనే మనిషికి 21,000 డాలర్లు రావలసియుండెను. పదిమంది పనివారు గల యంగడికి నిది చిన్న మొత్తము కాదు. ఆ కష్టకాలమున నంగడి నిలుచుటకును మూతపడుటకును గల భేదమదియే.

నాల్గవ త్రైమాసమునకుగూడ నీ జమ నిత్తుమని 2021 మార్చిలో చేసిన చట్టము వాగ్దానము చేసెను. ఆ సంవత్సరము నవంబరు 15న చేసిన మరియొక చట్టము, క్రొత్తగ ప్రారంభమైన కొన్ని సంస్థలకు దప్ప, ఆ వాగ్దానమును అక్టోబరు 1నుండియే రద్దుచేసినది. అప్పటికి నెలన్నర జీతములను యజమానులు చెల్లించియేయుండిరి. వెనుకతేదీ రద్దులలో నిది మొదటిది. పైన చెప్పిన 2025 జూలై నిబంధనము రెండవది.

దరఖాస్తు లింత యాలస్యముగ నేల వచ్చెనని యడుగుట సహజము. అపరాధము యజమానులది కాదు. జీతపు రక్షణకై యిచ్చిన పి.పి.పి. ఋణమును పుచ్చుకొనినవారికి మొదట నీ జమ లేకుండెను. చిన్నవారిలో పెక్కురా ఋణమునే పుచ్చుకొనిరి. 2020 డిసెంబరు 27న చేసిన చట్టము ఆ నిషేధమునెత్తివేసి, ఒకే జీతమును రెంటికిని చూపరాదను షరతుతో, గడచిన త్రైమాసములకును జమ కోరవచ్చుననెను. అందుచే, ముగిసిపోయిన లెక్కలను 941-ఎక్స్ అను సవరణ ఫారముతో తిరుగదోడవలసివచ్చెను. ఆ ఫారమును చాలకాలము కాగితముపైననే వ్రాసి టపాలో పంపవలసియుండెను. సిన్సినాటి, ఆగ్డెను పట్టణములలోని కార్యాలయములలో మహమ్మారివలన పని స్తంభించి, విప్పని యుత్తరములు గుట్టలుపడియున్న కాలమది. చంద్రునిమీదికి మనుష్యునంపిన రాజ్యము కొన్ని పుటల ఫారమును సంవత్సరములకొలది విప్పలేకపోయినది!

ఇంతలో దళారులు ప్రవేశించిరి. మనిషికి 26,000 డాలర్లు ప్రభుత్వము ఊరకయే యిచ్చుచున్నదని రేడియోలలోను టెలివిజనులలోను చాటింపువేసిరి. అర్హత యున్నదో లేదో విచారింపక, వచ్చు వాపసులో నింతవంతు మాకని యొడంబడికలు వ్రాయించుకొనిరి. వ్యాపారము చెడనివారును, పనివారే లేనివారునుగూడ దరఖాస్తు పెట్టిరి. ఈ వెల్లువకు బెదరి రాబడి శాఖ కమిషనరు డానీ వెర్ఫెల్ 2023 సెప్టెంబరు 14న క్రొత్త దరఖాస్తుల పరిశీలనను నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. సంవత్సరాంతమువరకైనను నుండునని చెప్పిన యా నిలుపుదల 2024 ఆగస్టు వరకు సాగెను. అప్పుడైనను 2024 జనవరి 31లోపల వచ్చినవానినే చేతబట్టిరి.

2024 జూన్‌లో నా శాఖ తన పరిశీలన ఫలితమును ప్రకటించినది. 8,600 కోట్ల డాలర్లకు సంబంధించిన పదిలక్షలకు పైబడిన దరఖాస్తులను చూడగా, నూటికి 10 నుండి 20 వరకు స్పష్టముగ దోషయుక్తములనియు, 60 నుండి 70 వరకు సందేహాస్పదములనియు, మరి 10 నుండి 20 వరకు నంతగ సందేహము లేనివనియు తేలెనట. మోసగాండ్రు లేరని మేమనము. కాని సందేహాస్పదమనుట దోషమని తీర్పుచెప్పుటకాదు. ఇంకను చూడలేదనుటకది మర్యాదగల మాట. ఆ నూటికి అరువది డెబ్బదింటిలో నిజముగ బాధపడిన యెందరు మంగలులు, వడ్రంగులు, పూటకూళ్లవారు గలరో యెవరు చెప్పగలరు? దొంగను పట్టుటకై సంతనంతయు మూసివేసిన తలారివలె నున్నదీ పద్ధతి. శాఖలోనే పన్నుదారుల పక్షమున వాదించుటకు నియమింపబడిన యధికారిణి ఎరిన్ కాలిన్స్, కాంగ్రెసుకు సమర్పించిన నివేదికలలో నీ జాప్యమును పలుమార్లెత్తిచూపినది.

జాప్యమొక్కటే యైన నోర్చుకొనవచ్చును. అసలు చిక్కు ఆదాయపుపన్నులో నున్నది. యజమాని పనివారికిచ్చిన జీతము వ్యాపారఖర్చుగనుక దానిని తన యాదాయమునుండి తగ్గించుకొనును. ఆ జీతములో కొంతభాగమును ప్రభుత్వమే జమరూపమున భరించినప్పుడు, ఆ భాగమును మరల ఖర్చుగ చూపరాదనుట న్యాయమే. రెండుచేతుల లాభము నెవరును కోరరు. కాని యా తగ్గింపు ఏ సంవత్సరపు లెక్కలో చేయవలయును? సొమ్ము చేతికందిన సంవత్సరములోనా, జీతమిచ్చిన సంవత్సరములోనా? 2021 ఆగస్టు 4న రాబడి శాఖ వెలువరించిన 2021-49వ నంబరు నోటీసు, జీతమిచ్చిన సంవత్సరములోననే తగ్గింపవలయునని చెప్పెను. రొక్కపు పద్ధతిని లెక్కలు వ్రాసికొనువారికిని అదియే నియమము.

ఒక యూహాలెక్కను జూతము. పదిమంది పనివారు గల యొక ఫలహారశాల 2021 మొదటి రెండు త్రైమాసములలో మనిషికి త్రైమాసమునకు 8,000 డాలర్ల జీతమిచ్చినదనుకొందము. మనిషికి 5,600 వంతున, పదిమందికి, రెండు త్రైమాసములకు 1,12,000 డాలర్ల జమ రావలయును. 2023 ఆగస్టులో సవరణ ఫారము పంపబడెను. నోటీసు ననుసరించి యజమాని తన 2021 ఆదాయపు లెక్కను తిరుగదోడి, జీతపుఖర్చును 1,12,000 డాలర్లు తగ్గించి, ఆదాయమును అంత పెంచి, నూటికి 22 వంతున పన్నైనచో 24,640 డాలర్లును, దానిపై 2022 ఏప్రిల్ నుండి వడ్డీయును కట్టవలయును. ఎప్పుడు? అప్పుడే. వాపసు ఎప్పుడు వచ్చును? ఎవరికిని తెలియదు. రాని సొమ్ముపై పన్ను, ఆ పన్నుపై వడ్డీ! పంట యింటికి రాకమునుపే గాదెలో నున్నట్లు లెక్కవేసి శిస్తు వసూలుచేసిన రీతిగ నున్నది. వ్యాపారము భాగస్వామ్యముగనో ఎస్ కార్పొరేషనుగనో యున్నచో చిక్కు మరింత పెరుగును. అట్టివానిలో పన్ను సంస్థ కట్టదు, యజమానులు తమతమ వంతులను తమ సొంత లెక్కలలో చూపి కట్టుదురు. 2022లో వాటా అమ్ముకొని పోయినవానిమీద 2021 పన్ను పడును. వాపసు చెక్కు మాత్రము 2025లో నుండువారి చేతికి వచ్చును. అన్నదమ్ములు పంచుకొనిన భూమిపై పాతబకాయి యెవరిదను తగవులను చూచిన మా పాఠకులకు దీని ఫలితము వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ యన్యాయమును రాబడి శాఖయే తుదకు గ్రహించినది. 2025 మార్చి 20న తన ప్రశ్నోత్తరములను సవరించి, వెనుక సంవత్సరపు లెక్కలో జీతపుఖర్చును తగ్గింపక యూరకుండిన యజమాని, వాపసు చేతికందిన సంవత్సరములో నంతమొత్తమును ఆదాయముగ చూపినచో చాలునని చెప్పెను. పాతలెక్కను తిరుగదోడనక్కరలేదు. అట్లే, ముందుగనే ఖర్చు తగ్గించుకొని పన్ను కట్టిన తరువాత జమ నిరాకరింపబడినవాడు, ఆ నిరాకరణము స్థిరపడిన సంవత్సరములో నా ఖర్చును మరల చూపుకొనవచ్చును. ఈ రెండవది మిక్కిలి ముఖ్యము. ఏలయన, పాతలెక్కను సవరించి వాపసు కోరుటకు సామాన్యముగ మూడేండ్ల గడువు. 2021 లెక్కలకు 2025 వసంతముతో నా గడువు తీరిపోయినది. శాఖ నాలుగేండ్లు త్రాసులో నుంచి యయిదవయేట కాదనినచో, పన్నును పోయి, జమయు పోయి, యజమాని రెంటికిని చెడవలసియుండెను.

సవరణ మంచిదే. కాని యెవరికి మేలుచేసినది? శాఖ మొదట చెప్పినమాట వినక, చెక్కు వచ్చినపుడు చూచుకొందమని యూరకున్నవానికి. నోటీసు చదివి, అకౌంటెంటును పిలిచి, అప్పుచేసియైనను 2021 పన్నును సవరించి కట్టినవాడు మూడేండ్లు తన మూలధనమును ప్రభుత్వమునకు నడిపించినాడు. వానికి క్రొత్తగ కలిగిన లాభమేమియు లేదు. విధేయునికి నష్టమును, అలక్ష్యము చేసినవానికి సౌకర్యమును గలుగజేయు పన్నుపాలన, పన్నుదారులకు నేర్పు పాఠమేమో అధికారులాలోచింపవలయును. మరియొక మాట. ప్రశ్నోత్తరములు శాసనము కావు. వానిని నమ్మి నడచినవానికి జరిమానా తప్పుటకవి తోడ్పడునేకాని, న్యాయస్థానమున బలమైన యాధారములుగ నిలువవు. ఇంతటి విషయమును కాంగ్రెసు తన జూలై చట్టములో రెండు వాక్యములతో స్థిరపరచియుండవచ్చును. తేదీ వెనుకకు జరుపుటకు దొరికిన తీరిక దీనికి దొరకలేదు.

ఇక వాపసు ఆలస్యముగ నందిన, లేక యింకను నందవలసిన చిన్న యజమానులు తమ పన్నులనెట్లు సర్దుకొనవలయునో చెప్పుదము. మొట్టమొదట తెలిసికొనవలసినది, తన పాత ఆదాయపు లెక్కలో జీతపుఖర్చు తగ్గింపబడినదా, లేదా యనునదే. తగ్గించి పన్ను కట్టినవానికి చెక్కు అసలు ఆదాయముకాదు. తగ్గింపనివానికి చెక్కంతయు నా సంవత్సరపు టాదాయము. ఈ సంగతి నెరుగక రెండుమార్లు పన్ను కట్టినవారును, ఒకమారును కట్టనివారునుగూడ నుందురు. 941-ఎక్స్ వ్రాసినది దళారియు, ఆదాయపు లెక్క వ్రాసినది వేరొక అకౌంటెంటునైనచోట్ల నిది మరింత సులభముగ జరుగును. ఒకరి కాగితమొకరు చూడరు. చెక్కుతోపాటు వచ్చు వడ్డీ మాత్రమందరికిని, ఏ పక్షమువారికైనను, వచ్చిన సంవత్సరపు టాదాయమే. కొన్నియేండ్లు గడచినచోట వడ్డీయే వేల డాలర్లగును.

నాలుగేండ్ల నాటి సొమ్ము ఒకేయేట కుప్పగ వచ్చి పడుటచే, ఆ యేటి యాదాయముబ్బి పన్ను పైమెట్టెక్కును. ఆ దేశమున స్వతంత్రవ్యాపారులు సంవత్సరమునకు నాలుగు వాయిదాలలో, ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి జనవరి 15 తేదీలలో, అంచనాపన్నును కట్టుచుండవలయును. చెక్కు అక్టోబరులో వచ్చునో ఫిబ్రవరిలో వచ్చునో తెలియనప్పుడు అంచనా వేయుటెట్లు? ఇందుకొక రక్షణ గలదు. గతసంవత్సరపు మొత్తము పన్నుకు సమానముగ, ఆదాయము 1,50,000 డాలర్లకు మించినవారైనచో నూటికి 110 వంతున, నాలుగు వాయిదాలలో కట్టినవానికి, ఈ సంవత్సరపుటాదాయమెంత పెరిగినను వాయిదా తక్కువపడినదను జరిమానా యుండదు. మిగిలినది మరుసటి ఏప్రిల్ 15లోపల కట్టినచో చాలును. కావున, గతయేడు చిన్నలాభము వచ్చినవాడు పాతపన్ను మేరకే వాయిదాలు కట్టుచు, చెక్కులో మూడవవంతును వేరు ఖాతాలో వడ్డీకి వేసి యుంచుట వివేకము. మూడవవంతేల యనగా, కేంద్రపు పన్నుతోడ రాష్ట్రపు పన్నుగూడ నుండవచ్చును. రాష్ట్రములన్నింటి నియమములొకటి కావు.

పన్ను తగ్గించుకొనుటకు న్యాయమైన మార్గములు లేకపోలేదు. వృద్ధాప్యపు నిధిని, అందు సెప్ అను ఖాతాను, పన్నులెక్క దాఖలుచేయు గడువువరకు, గడువు పెంచుకొనినచో నా పెంచిన తేదీవరకును, తెరచి సొమ్మువేయవచ్చును. కాని సెప్ ఖాతాలో తనకెంతవంతు వేసికొనునో అర్హులైన పనివారికిని అంతవంతే వేయవలయును. పనివారిని నిలుపుకొనినందుకు వచ్చిన సొమ్ములో పనివారికిని కొంత చేరుటలో తప్పేమున్నది? ఇక యంత్రసామగ్రి మాట. 2025 జనవరి 19 తరువాత కొనిన సామగ్రి వెలను మొదటి సంవత్సరమే పూర్తిగ ఖర్చువ్రాసికొనుటకు జూలై చట్టమనుమతించినది. అవసరమైన పొయ్యియో చల్లని పెట్టెయో కొనువారు వాపసు వచ్చిన సంవత్సరమున కొనుట మేలు. 22 డాలర్ల పన్ను తప్పించుకొనుటకై అక్కరలేని వస్తువుమీద 100 డాలర్లు పోయుట మాత్రము తెలివికాదు. ఇట్టి సలహా నిచ్చువారక్కడను కొరతలేరు.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక వేరొకటి. ప్రభుత్వము నాకు లక్ష డాలర్లు బాకీయున్నది, నేను ఈ నెల జీతపుపన్ను కట్టకున్న నేమి, ఎట్లును జమపడునుగదాయని యెవరును తలపరాదు. ధర్మమాలోచించినచో నీ తలపు సమంజసమే. చట్టము మాత్రమంగీకరింపదు. జీతపుపన్ను కట్టుట అయిదుదినములు జాగైనచో నూటికి 2, పదునైదు దినములైనచో 5, అంతకు మించిన 10 వంతున జరిమానా. పనివారి జీతమునుండి పట్టుకొనిన భాగమును ప్రభుత్వము తన సొమ్ముగ, యజమాని చేతిలోని ధర్మకర్తృత్వపు సొమ్ముగ భావించును. దానిని బుద్ధిపూర్వకముగ కట్టనివానినుండి, కంపెనీ దివాలాతీసినను, ఆ మొత్తమునంతను సొంత యాస్తినుండి రాబట్టుకొనును. ప్రజయొక్క ఆలస్యమును దినములతో లెక్కించు రాజ్యము తన యాలస్యమును సంవత్సరములతోనైనను లెక్కింపదు. కాని యీ మాట చెప్పి జరిమానా తప్పించుకొనినవాడు లేడు. రానున్న వాపసును చూపి హెచ్చువడ్డీకి అప్పుతెచ్చుటయు, దరఖాస్తునే తక్కువవెలకు అమ్ముకొనుటయు నిట్టివే. అవి రెండును జాప్యమునుండి లాభము తీయువారికే తోడ్పడును.

మరి మన దేశమెట్లున్నదని యడుగుదురేమో. వాపసు ఉత్తరువునకు 60 దినముల గడువును జి.యస్.టి. శాసనము పెట్టినది, 2017 జూలై 1 నుండి నది యమలులో నున్నది. గడువు మించినచో ప్రభుత్వమిచ్చు వడ్డీ సామాన్యముగ నూటికి 6. వర్తకుడు పన్ను జాగుచేసినచో కట్టవలసిన వడ్డీ నూటికి 18. అమెరికాలోనైన, 2023 అక్టోబరు నుండి 2024 సంవత్సరాంతమువరకు, కార్పొరేషన్లు కానివారికి ఇచ్చు వడ్డీయు పుచ్చుకొను వడ్డీయు సమానముగ నూటికి 8 యుండెను. అక్కడి కార్పొరేషన్లకు మాత్రమిచ్చునది తక్కువ. స్వరాజ్యము వచ్చిన దేశమున ప్రజాప్రభుత్వము తన బాకీకి మూడవవంతు వడ్డీ చాలుననుకొనుట మాకు రుచింపదు. గడువు వ్రాసిపెట్టుటయందు మనవారు మేలు, వడ్డీ సమత్వమునందు వారు మేలు. రెండును గల రాజ్యమునింకను చూడవలసియున్నది.

వాపసు పొందినవారు కాగితములను పారవేయరాదు. 2021 మూడవ, నాల్గవ త్రైమాసముల జమలను తిరిగి పరీక్షించి రాబట్టుకొనుటకు జూలై చట్టము శాఖకు 6 సంవత్సరముల వ్యవధి నిచ్చినది. దరఖాస్తు 2024 జనవరిలో పెట్టినవానిమీద 2030 జనవరి వరకును విచారణ జరుగవచ్చును. ఏ ప్రభుత్వాజ్ఞవలన ఏ దినమున దుకాణము మూసినది, 2019 అమ్మకములెంత, ఎవరికెంత జీతమిచ్చినది, ఏ జీతమును పి.పి.పి. ఋణమునకు చూపినది, ఇవియన్నియు నొకచోట నుంచుకొనవలయును. యజమాని భార్యాపుత్రుల, తోబుట్టువుల జీతములు, సగమునకు మించిన వాటా యాకుటుంబమునదే యైనప్పుడు, సామాన్యముగ జమకు లెక్కకు రావు. కుటుంబమంతయు నొక్క యంగడిలో పనిచేయు మనవారు దీనిని ప్రత్యేకముగ గమనింపవలయును. తప్పుగ పుచ్చుకొనినవారికి శాఖ రెండుమార్లు, మొదట 2024 మార్చి 22 వరకు నూటికి 80 వంతున, పిదప 2024 నవంబరు 22 వరకు 85 వంతున తిరిగి కట్టి బయటపడు దారి నిచ్చెను. ఆ దారులు మూసికొనినవి.

నిరాకరణలేఖ లందినవారి సంగతి వేరు. 2024 వేసవిలో 28,000 లేఖలు పంపబడెను. తొలుత పంపినవానిలో కొన్నింట, అప్పీలు చేసికొను హక్కును దెలుపు పేరా జారిపోయినదని శాఖయే యొప్పుకొనినది. హక్కున్నదని తెలియనివాడు దానినెట్లు వినియోగించుకొనును? లేఖ తేదీనుండి రెండేండ్లలోపల న్యాయస్థానమున దావా వేయనిచో సొమ్ము శాశ్వతముగ పోవును. శాఖలోపల అప్పీలు నడచుచున్నంతమాత్రమున నా రెండేండ్లు నిలువవు. గడువు తీరకమునుపే 907వ నంబరు ఫారముపై ఇరుపక్షములును సంతకము చేసిననే పొడిగింపు కలుగును. 2024 ఆగస్టులో లేఖ వచ్చినవానికి 2026 ఆగస్టుతో ద్వారము మూసికొనును. అప్పీలు కాగితములింకను విప్పబడియుండకపోయినను సరే.